మూడు సెంట్ల పెరట్లో పన్నెండు చెట్లు పడతాయా?

కొత్తపెరడు (తెనాలి దగ్గర)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి అత్తగారి ఊరు వచ్చేశాం. ఇల్లు తూర్పు ముఖం. వెనక, అంటే పడమర వైపు, 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఖాళీ ఉంది. మూడు సెంట్లకు కాస్త తక్కువ. నేల నల్లరేగడి. వానాకాలం చెప్పులు ఊడిపోతాయి, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు. బోరు నీళ్లు కొంచెం ఉప్పు. పంచాయతీ కుళాయి పొద్దున ఒక గంట వస్తుంది.

నా లిస్టు: బంగినపల్లి ఒకటి, పునాస మామిడి ఒకటి (ఏడాదిలో రెండు కాపులు వచ్చే రకం, ఇది అత్తయ్య పట్టు), సపోటా, జామ రెండు, నిమ్మ, దానిమ్మ, పనస, ఉసిరి, సీతాఫలం, కొబ్బరి రెండు. మొత్తం పన్నెండు. వానలు మొదలయ్యేలోపు గోతులు తీయిద్దామనుకుంటున్నాం. ఇవన్నీ పడతాయా? ఏది ఎన్నేళ్లకు కాపుకొస్తుందో కూడా చెప్పండి.

రేగడిమాస్టారు (పొన్నూరు)

పడవమ్మా. మామూలుగా తోటల్లో మామిడికి తక్కువలో తక్కువ 8 మీటర్ల ఎడం ఇస్తారు. అంటే 26 అడుగులు. ఒక చెట్టుకు 676 చదరపు అడుగులు పోతుంది. మీ పెరడు మొత్తం 1200. రెండు మామిళ్లకే చాలదు. ఆపైన సపోటా కూడా మామిడంత జాగా అడుగుతుంది. పనస సంగతి చెప్పనే అక్కర్లేదు. మొక్కలు తెచ్చినప్పుడు అన్నీ మూరెడే ఉంటాయి, అదే మోసం.

అంటుమొక్క (కడియం)

మాస్టారు చెప్పింది తోట లెక్క. పెరటి లెక్క వేరు. తోటలో చెట్టును పెరగనిస్తారు, పెరట్లో మనం పెరగనివ్వం. ఆమ్రపాలి మామిడిని రెండున్నర మీటర్ల ఎడంలో కూడా వేస్తారు. బంగినపల్లి అంత లొంగదు గానీ, మొదటి నుంచీ కత్తెర పడితే 10-12 అడుగుల ఎత్తులో నిలబడుతుంది.

మొక్క నాటాక నడుము ఎత్తుకు వచ్చినప్పుడే తల తుంచాలి. చాలామందికి ఇక్కడ చెయ్యి రాదు. తుంచిన చోట అయిదారు చిగుళ్లు వస్తాయి. మూడు వైపులకు చూస్తున్న మూడింటిని ఉంచి మిగతావి గోటితో గిల్లేయాలి. ఆ మూడూ రెండడుగులు సాగాక మళ్లీ తుంచాలి. కాపు మొదలయ్యాక ఏటా కాయ కోసిన వెంటనే, జూన్‌లోనో జూలై మొదట్లోనో, నిట్టనిలువుగా పోయే కొమ్మల్ని, చెట్టు నడుమ ఎండ పడకుండా అడ్డొచ్చే వాటిని తీసేయాలి. ఆలస్యం చేసి దసరాకు కత్తిరించారంటే ఆ ఏడు పూత మీద ఆశ వదులుకోండి. మొక్కై వంగనిది మానై వంగదని ఊరికే అనలేదు.

అయినా పన్నెండు కుదరవు. ఏడుకు దించండి.

కోతులబాధితుడు (జనగామ)

అన్నిటికన్నా ముందు ఒక్క మాట. మీ ఊళ్లో కోతులు ఉన్నాయా?

కొత్తపెరడు

లేవండీ. ఉడతలు, చిలకలు ఉన్నాయి. సాయంత్రం గబ్బిలాలు తిరుగుతాయి.

కోతులబాధితుడు

అయితే అదృష్టవంతులు, ఏదైనా పెట్టుకోండి. మా దిక్కు జామ పెడితే పిందె దశలోనే తెంపి పారేస్తాయి. తినవు, పారేస్తాయి, అదీ కడుపుమంట. మా ఇంట్లో ఇప్పుడు నిమ్మ, కరివేపాకు, కంద మాత్రమే మిగిలాయి. ఈ చర్చ చదివే తెలంగాణ వాళ్లు మాత్రం లిస్టు రాసుకునే ముందు గోడ మీద ఒకసారి చూసుకోండి.

రేగడిమాస్టారు

తీసేయాల్సినవి చెప్తాను. మొదట దానిమ్మ. అది పొడి గాలికి పండే పంట. మన వైపు గాలిలో తేమ, కింద రేగడి, రెండూ కలిస్తే కాయ మీద మచ్చ వస్తుంది, పగులుతుంది. పువ్వు అందం కోసం అయితే ఉంచుకోండి. తరవాత పనస, చెప్పాను కదా. మూడోది ఉసిరి. ఒంటరి ఉసిరి పూస్తుంది గానీ కాయ నిలవదు, పక్కన ఇంకో రకం ఉసిరి ఉండాలి. కార్తీకంలో వనభోజనాలకు ఊరి తోపుకు వెళ్లండి. ఉసిరి కోసం పెరట్లో రెండు చెట్ల జాగా ఎవరిస్తారు?

సీతాఫలం (మహబూబ్‌నగర్)

మాస్టారూ, తరవాత సీతాఫలం మీద పడతారేమో, ముందే చెప్తున్నా. దాన్ని తీయకండి. పది అడుగులు దాటదు, ఎండాకాలం ఆకు రాల్చి నిద్రపోతుంది, నీళ్లు అడగదు. తొలకరికి చిగురుతోపాటే పూత. దసరా, దీపావళి మధ్య కాయ. మా బాలానగర్ రకం అంటు తెచ్చుకోండి, మూడు నాలుగేళ్లలో తింటారు. పిండినల్లి ఒక్కటే గొడవ, కాయ సందుల్లో తెల్లగా పడుతుంది. చీమలు దాన్ని మోసుకొస్తాయి కాబట్టి ముందు చీమల పని చూడాలి.

రేగడిమాస్టారు

నేను తీయమనలేదు తల్లీ. కాకపోతే మీది గరప నేల, రాళ్ల నేల. నీళ్లు జారిపోతాయి. ఇక్కడ ఆగస్టులో మూడు రోజులు ముసురు పడితే మొక్క మొదట్లో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. మట్టి గుట్ట మీద పెడితే నాకు అభ్యంతరం లేదు.

చీనీతోట (అనంతపురం)

గుట్ట ఎందుకు సార్? మీటరు గొయ్యి తీసి, మట్టి మార్చేస్తే సరిపోదా? మా దగ్గర మే నెలలో 3 అడుగుల పొడవు, వెడల్పు, లోతున గొయ్యి తీసి, రెండు మూడు వారాలు ఎండకు వదిలి, పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, ఒక కిలో వేప పిండి, ఒక కిలో సూపర్ ఫాస్ఫేటు కలిపి పూడుస్తాం. చీనీ (మీ బత్తాయి), మామిడి అన్నీ అట్లే.

రేగడిమాస్టారు

మీ ఎర్ర నేలకు అది సరైన పద్ధతే. రేగడిలో గొయ్యి తీసి లోపల ఎర్రమట్టి నింపితే ఏమవుతుందంటే, వాన నీళ్లు చుట్టూ ఉన్న బంకమట్టిలోకి దిగలేక ఆ గోతిలోకే చేరతాయి. అడుగున చిల్లు లేని తొట్టి అన్నమాట. అందులో మామిడి, నిమ్మ, బొప్పాయి బతకవు. బొప్పాయి అయితే ఒక్క రోజు నీళ్లు నిలిచినా తల వేలాడేస్తుంది.

అందుకని మేం గొయ్యి 2 అడుగులే తీస్తాం. తీసిన మట్టినే ఎరువుతో కలిపి మళ్లీ పోస్తాం. ఆ పైన చుట్టుపక్కల పైమట్టి లాగి, అడుగు, అడుగున్నర ఎత్తు, అయిదడుగుల వెడల్పు గుట్ట చేసి దాని మీద నాటుతాం. గుట్టల మధ్య నుంచి వీధి కాలువ వైపు వాలుగా చిన్న బోదె తీయాలి. ఒక వానాకాలంలో గుట్ట కుంగుతుంది, కాబట్టి కాస్త ఎక్కువే పోయండి.

కొత్తపెరడు

అర్థమైంది మాస్టారూ. గోతుల మనిషిని ఆపాను. ఉప్పు నీళ్ల సంగతి?

అంటుమొక్క

కొబ్బరి, సపోటా ఆ మాత్రం ఉప్పు ఓర్చుకుంటాయి. వాటికి బోరు నీళ్లు పెట్టండి. నిమ్మ, మామిడి ఓర్చుకోవు, ఆకు కొసలు మాడతాయి. ఆ రెండింటికీ కుళాయి నీళ్లే. గంట నీళ్లు వాటికి ధారాళంగా సరిపోతాయి. మొక్క మొదలు చుట్టూ రెండడుగుల మేర వరిగడ్డి పరవండి, కానీ కాండానికి తగలకుండా జానెడు వదలండి. ఆనిస్తే బెరడు కుళ్లుతుంది.

ఇంకో సంగతి. మామిడికి కాపు వయసు వచ్చాక నవంబరు, డిసెంబరుల్లో నీళ్లు ఆపేయాలి. పాపం ఎండిపోతోందని బకెట్లు పోస్తే పూత బదులు చిగురేస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలు పెట్టండి.

వాస్తుప్రియ (విజయవాడ)

పెద్ద చెట్లు దక్షిణం, పడమర, నైరుతిలోనే ఉండాలి. ఉత్తరం, ఈశాన్యం ఖాళీగా వదలాలి. ఇది ఎవరూ చెప్పరేం?

చీనీతోట

ఎండ కూడా ఒక శాస్త్రమే కదా అక్కా. మన దగ్గర చలికాలమంతా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. దక్షిణం వైపు సపోటా లాంటి చిక్కటి చెట్టు పెడితే దాని నీడ పెరడంతా పడుతుంది. నిమ్మ, జామ ఎండ లేక సన్నగా సాగుతాయి. పొడుగు చెట్లు ఉత్తరం గోడ వెంబడి, పొట్టివి దక్షిణం వైపు.

వాస్తుప్రియ

అలాంటి ఇళ్లు చూశాం లెండి.

నిర్వాహకులు

వాస్తు చర్చకు వేరే విభాగం ఉంది. ఇక్కడ మొక్కల వరకే.

అంటుమొక్క

ఇద్దరికీ రాజీ ఉంది. మామిడి వాయవ్యం మూలకు పెట్టండి. పడమర అని వాస్తు వాళ్లకు తృప్తి, ఎండకు అడ్డు రాదని మనకు తృప్తి. మే నెల సాయంత్రం పడమటి ఎండ నేరుగా మీ వంటింటి గోడకు తగలకుండా కొంత ఆపుతుంది కూడా. గోడలకు మాత్రం 10 అడుగులు వదలండి.

అత్తయ్యగారి పునాసకూ మార్గం ఉంది. చెట్టు ఒక్కటే, రకాలు రెండు. బంగినపల్లి అంటు నాటి, మూడో ఏట కొమ్మలు పెన్సిల్ లావు దాటాక ఒక కొమ్మకు పునాస అంటు కట్టించండి. అంటు కట్టేవాళ్లు నర్సరీల చుట్టుపక్కల ఊళ్లలో దొరుకుతారు. రెండింట్లో ఏది జోరుగా పెరిగితే అది రెండోదాన్ని అణగదొక్కుతుంది, దాన్ని ఏటా గట్టిగా కత్తిరిస్తూ ఉండాలి. బంగినపల్లి ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు మొహం చాటేస్తుంది కాబట్టి, ఆ ఏడు పప్పులోకైనా పునాస ఆదుకుంటుంది.

కొత్తపెరడు

అత్తయ్యకు చదివి వినిపించాను. "ఆ కడియం అబ్బాయికి బుర్ర ఉంది" అన్నారు.

గుమ్మంముందు (ఏలూరు)

చెట్ల గురించే మాట్లాడుతున్నారు, మామిడి మూడు నాలుగేళ్లు, సపోటా అంతే. మరి అప్పటిదాకా ఏం తింటారు? ఒకసారి పెడితే ఏళ్ల తరబడి కోసుకునే కూరలు ఎన్ని లేవు! దొండ తీగ పెన్సిల్ లావు ముక్క రెండు గుచ్చి పందిరి వేయండి, మూడు నెలల్లో కాయ. కాసే తీగ నుంచే ముక్క తీసుకోవాలి. పాతబడ్డాక మోకాలి ఎత్తున కోసేసి ఎరువు వేస్తే మళ్లీ కొత్తగా లేస్తుంది. అంట్లు తోమే నీళ్లు పారే చోట పొన్నగంటి, చేమ. గోడ మీద తీగ బచ్చలి. చెట్ల నీడ వచ్చాక కింద కంద, పసుపు. కంద దుంప తవ్వుకుని, కన్ను ఉన్న ముక్క అక్కడే పాతిపెడితే సరి, సంక్రాంతి తరవాత మళ్లీ బజార్లో కొనక్కర్లేదు.

మునగ కొమ్మ గుచ్చండి కానీ వంటింటి కిటికీకి దూరంగా. వానాకాలం బొంత పురుగులు కాండం మీద దుప్పటి కప్పినట్టు గుంపుగా చేరతాయి. తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. పైగా చిన్న గాలికే కొమ్మ విరుగుతుంది. ఏటా కాపు అయ్యాక నడుము ఎత్తుకు నరికేయడమే దానికి మందు.

సీతాఫలం

కరివేపాకు మర్చిపోయారు.

గుమ్మంముందు

కరివేపాకు చెప్పాలా అక్కా, అది లేని పెరడేంటి! ఒక్క మాట మాత్రం: ఆకు దూయకుండా కొస తుంచండి, గుబురుగా వస్తుంది. పులిసిన మజ్జిగ పోస్తే బాగుంటుందని మా ఇంట్లో పోస్తాం.

అంటుమొక్క

మొదటి మూడేళ్ల ఖాళీకి అరటి, బొప్పాయి కూడా ఉన్నాయి. అరటికి సూది పిలక తీసుకోండి, ఆకు సన్నగా కత్తిలా ఉంటుంది. వెడల్పాటి ఆకుతో చిన్నగా కనిపించే నీటి పిలక వద్దు, బలం ఉండదు. ఏడాదికి గెల. తల్లికి ఒక్క పిలకనే వదలండి. అమృతపాణి రుచి ఎవరూ కాదనరు కానీ ఎండు తెగులు వస్తే ఆ నేలను అంత తేలిగ్గా వదలదు. కర్పూర చక్కెరకేళి పెరటికి మొండిది. కూరకు బొంత.

బొప్పాయి నాటు గింజలైతే ఒక్కో గుట్టకు మూడు మొక్కలు పెట్టి, పూత చూశాక మగవాటిని పీకేయాలి. రెడ్ లేడీ అయితే ఆ బాధ లేదు, అన్నీ కాస్తాయి.

ఇవి మామిడికీ సపోటాకూ మధ్య ఖాళీలో పెడతారు కదా, నాలుగో ఏట తీసేయాలని ఇప్పుడే అనుకుని పెట్టండి. గెల వేసి నిలబడ్డ అరటిని అప్పుడు నరకడానికి ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోరు. ఈలోగా మామిడి వంగి వెలుతురు వైపు పోతుంది.

డల్లాస్‌చిన్నోడు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది రేపల్లె. అమ్మానాన్న ఇద్దరే ఉంటారు, ఇద్దరికీ డెబ్భై దాటాయి. నేను ఏడాదికి ఒకసారి వస్తాను. వాళ్లకు పని తక్కువ, కాపు ఎక్కువ ఉండే చెట్లు చెప్పగలరా? ఇక్కడ మా పెరట్లో అంజూర, రేగు నేలలో ఉన్నాయి. కరివేపాకు కుండీలో, చలికాలం గరాజ్‌లోకి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకు మా వీధిలో తెలుగువాళ్ల నిమ్మ చెట్లు దాదాపు అన్నీ పోయాయి. అప్పటి నుంచి నా ఆశలన్నీ రేపల్లె మీదే.

రేగడిమాస్టారు

బాబూ, వాళ్లకు పొడుగు కొబ్బరి పెట్టకు. ఇప్పుడు దింపు తీసేవాళ్లు దొరకడం లేదు, దొరికినా చెప్పిన రోజుకు రారు. ఎండిన కాయ నెత్తిన పడుతుందని చెట్టు కింద నడవడానికే టెన్షన్. గంగాబొండం పెట్టించు. పొట్టి రకం, నాలుగేళ్లకు అటూ ఇటుగా బోండాలు నిలబడి కోసుకోవచ్చు. పొడుగు రకానికి ఆరేడేళ్లు ఆగాలి. అంబాజీపేటలో కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, మొక్కల కోసం ముందు అక్కడ అడుగు. పచ్చళ్లకూ వంటకూ ముదురు కొబ్బరి కావాలంటే మాత్రం గంగాబొండం అంత గొప్పగా ఉండదు, బజార్లో కొనుక్కోవాలి.

రెండోది సపోటా. మందులు పెద్దగా అడగదు, ఏడాదిలో రెండు దఫాలు కాస్తుంది. కాయ ఎప్పుడు కోయాలో నాన్నకు చెప్పు: పైన ఉన్న గోధుమ రంగు పొట్టు చేత్తో రుద్దితే రాలిపోవాలి, గోటితో గీరితే లోపల పచ్చగా కాక లేత పసుపుగా కనిపించాలి. పచ్చగా ఉండి పాలు కారితే ఇంకా ఆగాలి. అలా కోసిన కాయలు మాగవు, తోలులా ముడుచుకుపోతాయి.

డల్లాస్‌చిన్నోడు

చాలా థ్యాంక్స్ మాస్టారూ. నాన్నకు ఫోన్‌లో చదివి వినిపిస్తే, "గంగాబొండం సంగతి నేను ఎప్పుడో చెప్పాను, వింటేగా" అన్నారు.

చీనీతోట

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా చిన్నోడూ, ఇంట్లోవాళ్ల మాట ఎవరు వింటారు.

కొత్తపెరడు

ఆదివారం మొక్కలకు వెళ్తున్నాం. ఏం చూసి కొనాలి? ఎత్తుగా ఉన్నవి ఖరీదు ఎక్కువ చెప్తున్నారట.

అంటుమొక్క

ఎత్తు చూడొద్దు. అయిదడుగుల మొక్క చిన్న కవర్‌లో ఉందంటే వేళ్లు లోపల చుట్ట చుట్టుకుని ఉంటాయి. నాటాక కూడా అలాగే చుట్టుకుంటూ పోతాయి, పైన రెండేళ్లు కదలిక ఉండదు. రెండడుగుల మొక్క, పెన్సిల్ లావు కాండం, ముదురాకు, ఒక కొత్త చిగురు ఉంటే చాలు.

అంటు అతుకు కళ్లతో చూడండి. నేలకు జానెడు ఎత్తున కాండం మీద చిన్న ఉబ్బు, అక్కడ బెరడు రంగు మారడం కనిపించాలి. అది లేకపోతే గింజ మొక్కే, ఎవరెన్ని ఒట్లు పెట్టినా. అతుకు మీద ప్లాస్టిక్ రిబ్బన్ ఉంటే నాటేటప్పుడు విప్పేయండి, లేకపోతే కాండాన్ని కోసేస్తుంది. నాటాక అతుకు మట్టి పైనే ఉండాలి.

తరవాత అసలు కాపలా. అతుకు కింద నుంచి వచ్చే చిగురు కనబడగానే తీసేయాలి. సపోటాను పాల మొక్క మీద కడతారు. పాల ఆకు కొస గుండ్రంగా, నడుమ చిన్న నొక్కుతో ఉంటుంది. సపోటా ఆకు కొస మొనగా ఉంటుంది. చూసుకోకపోతే మూడేళ్లకు సపోటా పోయి పాల చెట్టు మిగులుతుంది. పాలపళ్లు కూడా తియ్యగానే ఉంటాయి లెండి, కానీ మీరు డబ్బులిచ్చింది వాటికి కాదు.

నిమ్మకు బాలాజీ అడగండి, గజ్జి తెగులు తక్కువ. జామకు ఎల్-49 గానీ అలహాబాద్ సఫేదా గానీ. లోపల ఎర్రగా ఉండాలంటే తైవాన్ పింక్, చెట్టు కూడా అదుపులో ఉంటుంది. జామ రెండో ఏట నుంచే కాస్తుంది. కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి కొమ్మల కొసలు కత్తిరించినకొద్దీ కాపు. వానాకాలం కాయలో పురుగు తప్పదు. నిమ్మకాయంత అయినప్పుడు కాగితం సంచి కట్టండి, పండు ఈగ, చిలక రెండింటికీ అదే ఉపాయం.

మామిడి అంటు మొదటి ఏడే పూస్తుంది. మూడేళ్లు ఆ పూత తుంచేయండి. ఫోటో తీసుకుని తుంచేయండి.

కొత్తపెరడు

సరే, ఇదీ ఫైనల్ ప్లాన్. వాయవ్యంలో మామిడి ఒక్కటే. ఉత్తరం గోడ వెంబడి దానికి 18 అడుగులు తూర్పుగా సపోటా. నైరుతి మూల గంగాబొండం. దక్షిణం వైపు జామ, నిమ్మ, సీతాఫలం. వంటింటి గుమ్మం దగ్గర కరివేపాకు. మొత్తం ఏడు. నడుమ నాలుగేళ్లకు అరటి, బొప్పాయి. దొండ పందిరి ఆగ్నేయంలో, బాత్రూమ్ దగ్గర. సెప్టిక్ ట్యాంకు కూడా అక్కడే ఉంది.

రేగడిమాస్టారు

బాగుంది. నిమ్మను ఆగ్నేయానికి దూరంగా జరపండి. బట్టలు ఉతికిన సబ్బు నీళ్లు దానికి పడవు. ఆ నీళ్లు అరటికి మళ్లించండి. ట్యాంకు మూత మీద మట్టి పోసి ఏదీ పెట్టకండి, రేపు తెరవాల్సి వస్తుంది.

కొత్తపెరడు

సరే మాస్టారూ. చివరిగా ఒకటి. ఉత్తరం పక్కింటివాళ్లు "చెట్టు కొమ్మలు మా డాబా మీదకు వస్తే ఊరుకోం" అని ఇప్పుడే అంటున్నారు. సపోటా గోడకు ఎంత ఎడం ఉండాలి?

గుమ్మంముందు

మొదటి గెల నుంచి ఒక హస్తం పంపించండి, గొడవ ఉండదు.

అంటుమొక్క

హస్తంతోపాటు ఎడం కూడా ఇవ్వాలండీ. 8 అడుగులకు తగ్గొద్దు. గోడ వైపు కొమ్మల్ని ఏటా వాన ముందు కుదిస్తూ ఉండండి. మొక్క దగ్గర పాతే కర్రను పడమర వైపు పాతి, వదులుగా ఎనిమిది అంకె ఆకారంలో పురికొసతో కట్టండి, పడమటి గాలికి ఒరగదు. నైలాన్ తాడు వద్దు. గుట్టలు ఇప్పుడే పోయించేయండి, రెండు మంచి వానలు పడి మట్టి కుదురుకున్నాక నాటుదురు గానీ.